మోటిఫ్: నిలిచేది, మారేది

శ్రోతలకు నమస్కారం.

తెలుగు చదువుకున్నవారిలో చాలామందికి కంఠస్థమైన ఒక పద్యపాదంతో ఈ ప్రసంగాన్ని మొదలుపెడతాను. పోతన భాగవతంలో ప్రహ్లాదుడు ‘కమలాక్షు నర్చించు కరములు కరములు’ అంటాడు. ఇందులో మొదటి ‘కరములు’ అంటే చేతులు. రెండోసారి వచ్చిన ‘కరములు’ అంటే చేతులు అనిపించుకోదగిన చేతులు. అన్న మాటనే ఊరికే మళ్లీ అనడం పునరుక్తి దోషమని చెప్పిన మన ఆలంకారికులే, మాటా అర్థమూ అలాగే ఉండి తాత్పర్యం మాత్రం మారితే అది లాటానుప్రాస అనే అలంకారమవుతుందని కూడా చెప్పారు. ఈ భేదం మనసులో ఉంటే, ఇవాళ కళల్లోనూ శాస్త్రాల్లోనూ తరచుగా వినిపించే ‘మోటిఫ్’ అనే మాట ఆంతర్యం తేలికగా అందుతుంది.

మోటిఫ్ ఫ్రెంచి మాట. దాని మూలం, కదిలించడం అనే అర్థమున్న లాటిన్ ధాతువులో ఉంది. మోటారు అనే మాటకు పుట్టిల్లు కూడా అదే. మళ్లీ మళ్లీ కనిపించే చిన్న రూపం మోటిఫ్ అని సాధారణంగా చెబుతారు గాని, ఆ నిర్వచనం నాకు చాలినట్లు తోచదు. గడియారం చప్పుడు కూడా మళ్లీ మళ్లీ వచ్చేదే కదా. ఎక్కడికి వెళ్లినా మారకుండా నిలిచే భాగం కొంత, చోటును బట్టి మారడానికి వీలుగా వదిలిన భాగం కొంత, ఈ రెండూ కలిసి ఉన్నదాన్నే నేను మోటిఫ్ అంటాను. వాటిలో ఏది నిలిచింది, ఏది మారింది అని విడదీసి చూసినప్పుడే దాని అర్థం బోధపడుతుంది.

మన చీరల మీది మామిడి పిందెనే తీసుకోండి. పర్షియన్ భాషలో దీన్ని పొద అనే అర్థంలో ‘బోతే’ అంటారు. ఇది కశ్మీరు శాలువల మీద విరివిగా కనిపించేది. 19వ శతాబ్దంలో ఆ శాలువలను అనుకరించి స్కాట్లండ్‌లోని పేజ్లీ పట్టణంలో నేయడం వల్ల, ఇంగ్లీషువారికి ఆ ఊరి పేరే ఈ రూపానికి పేరైంది. ఒకరికి పొద, ఒకరికి ఊరు, మనకు పిందె. పేరు మారినా, రంగు మారినా, లోపల నింపే పూలూ ఆకులూ మారినా, గుండ్రని అడుగూ పక్కకు ఒంగిన కొనా మాత్రం నిలిచి ఉన్నాయి. ఉప్పాడ జాందానీ నేతలో బుటాకు కావలసిన అదనపు పోగులను నేతగాళ్లు చేత్తోనే పడుగులో ఇముడుస్తారు కాబట్టి, చీర మీద వంద పిందెలుంటే వందా విడివిడిగా పుట్టినవే.

మోటిఫ్‌ను అందరికంటే శ్రద్ధగా వెతికి పట్టుకున్నవారు జానపద పరిశోధకులని నా నమ్మకం. అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయంలో పనిచేసిన స్టిత్ థాంప్సన్ 1932 నుంచి 1936 వరకు ఆరు సంపుటాలుగా జానపద కథల మోటిఫ్ సూచికను వెలువరించారు. సంప్రదాయంలో నిలిచిపోగల శక్తి ఉన్న అతి చిన్న కథాంశమే మోటిఫ్ అని ఆయన భావం. కథలో తల్లి ఉన్నంత మాత్రాన అది మోటిఫ్ కాదు. క్రూరురాలైన తల్లి అయితే అవుతుంది, ఎందుకంటే వినేవారు దాన్ని మరిచిపోలేరు. ఆ సూచికలో ఇ710 అనే సంఖ్య కింద ఉన్నది, ప్రాణాన్ని ఒంటికి బయట దాచుకోవడమనే మోటిఫ్. సంఖ్య తెలియకపోయినా ఆ సంగతి తెలియని తెలుగువారు ఉండరు, ఎందుకంటే బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల ఒక చిలకలో ఉంటుంది. రష్యా కథల్లోని కొషేయ్ ప్రాణం సూది మొనలో ఉంటుంది. ఆ సూది గుడ్డులో, గుడ్డు బాతులో, బాతు కుందేలులో, కుందేలు ఒక పెట్టెలో ఉంటాయి. ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న, సుమారు 3,200 ఏళ్ల నాటి ఈజిప్టు పపైరస్ మీది అన్నదమ్ముల కథలో తమ్ముడు తన గుండెను ఒక చెట్టు పువ్వు మీద ఉంచుతాడు. అయితే ఆ తమ్ముడు దుర్మార్గుడు కాడు, అన్యాయానికి గురైనవాడు. అంటే ప్రాణం బయట ఉండడమనేది నిలిచింది. ఎందులో ఉంది, ఎవరిది అన్నవి మారాయి. మన ఊళ్లలో ఒకరి బలహీనత తెలిసినప్పుడు ‘వాడి ప్రాణం ఆ చిలకలో ఉంది’ అంటామంటే, ఈ మోటిఫ్ కథను దాటి వచ్చి వాడుకమాటలో కూడా కాపురం పెట్టిందన్నమాట.

సంగీతానికి వస్తే, 1808 డిసెంబరు 22న వియన్నాలో మొదటిసారి వినిపించిన బీథోవెన్ అయిదవ సింఫనీ నాలుగు స్వరాలతో మొదలవుతుంది. మూడు పొట్టివి, ఒకటి పొడుగుది. మన ఛందస్సులో చెప్పాలంటే మూడు లఘువులు, ఒక గురువు. తేటగీతిలోనూ ఆటవెలదిలోనూ వచ్చే ఇంద్రగణాల్లో ‘నగ’ గణం సరిగ్గా ఇదే. ఆరంభంలో ఆ నాలుగో స్వరం కిందికి దిగుతుంది. మూడో భాగంలో కొమ్ము వాద్యాలు అదే నడకను ఒకే స్వరం మీద పలికిస్తాయి. స్వరాలు మారినా నడక నిలిచింది కాబట్టే మనం దాన్ని గుర్తుపడతాం. రెండో ప్రపంచ యుద్ధంలో, మోర్స్ సంకేతాల్లో విజయాన్ని సూచించే ‘వి’ అక్షరానికి కూడా మూడు చుక్కలూ ఒక గీతా ఉండడం వల్ల, బీబీసీ 1941 నుంచి ఈ నాలుగు దెబ్బలను ఐరోపా అంతటికీ రేడియోలో వినిపించింది. మన ఆనందభైరవిలో షడ్జం నుంచి గాంధారానికి వెళ్లి, రిషభానికి వెనుదిరిగి, మళ్లీ గాంధారం మీదుగా మధ్యమానికి సాగే ‘స గ రి గ మ’ ప్రయోగం కూడా ఇటువంటిదే. సాహిత్యం ఏదైనా, తాళం ఏదైనా, ఆ వంకర నడకలో రాగం ముఖం కనిపిస్తుంది.

మళ్లీ మళ్లీ కనిపించినదల్లా కాకతాళీయం కాదని ఎలా చెప్పగలం? ఈ ప్రశ్నను శాస్త్రజ్ఞులు సూటిగానే వేసుకున్నారు. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థకు చెందిన ఉరి ఆలన్ బృందం 2002లో, ఇ. కోలై అనే సూక్ష్మజీవిలో ఏ జన్యువు ఏ జన్యువును నడిపిస్తుందో చూపే వలను తీసుకుని, అంతే కణుపులూ అన్నే లంకెలూ ఉండి తోచినట్లు కలిపిన వలలతో పోల్చి చూసింది. అలా కలిపిన వలల్లో అరుదుగా ఉండి, జీవి వలలో మాత్రం మిక్కుటంగా ఉన్న అమరికలనే మోటిఫ్‌లన్నారు. వాటిలో ఒక దానిలో మొదటి జన్యువు మూడోదానికి నేరుగా ఒక ఆజ్ఞనూ, రెండోదాని ద్వారా మరొక ఆజ్ఞనూ పంపుతుంది. రెండూ అందితేనే మూడోది పని మొదలుపెట్టే రకంలో, క్షణికమైన సంకేతం వచ్చి పోయినా కణం మోసపోదు.

ఇక మన మద్రాసు విశ్వవిద్యాలయంలో జరిగిన పని. ఎముకకూ చర్మానికీ స్నాయువులకూ బలమిచ్చే కొలాజెన్ అనే ప్రోటీన్ నిర్మాణాన్ని జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా 1950ల నడుమ అక్కడే వివరించారు. మూడు పోగులు పురి పెట్టిన తాడులా పెనవేసుకుని ఉంటాయి, ప్రతి పోగూ అమైనో ఆమ్లాల వరస, అందులో ప్రతి మూడో స్థానంలో గ్లైసిన్ అనే ఆమ్లం ఉంటుంది. అమైనో ఆమ్లాలన్నిటిలోకీ అతి చిన్నది గ్లైసిన్. తాడు నడిమధ్య ఉన్న ఇరుకులో ఇంకేదీ పట్టదు. మిగతా రెండు స్థానాల్లో ఏవైనా రావచ్చు గాని, ప్రోలిన్, హైడ్రాక్సీప్రోలిన్ ఎక్కువగా వస్తాయి. ఈ రెండోది తయారుకావాలంటే విటమిన్ సి కావాలి. అది లేకనే పూర్వం దూర సముద్రయానాల్లో నావికులు చిగుళ్లు కారి, పాత గాయాలు తిరగబెట్టి చనిపోయేవారు.

ఎముకలోని కొలాజెన్ పోగులో గ్లైసిన్‌తో కూడిన ఈ మూడు ఆమ్లాల వరస మధ్యలో ఎక్కడా తెగకుండా 338 సార్లు వస్తుంది. మగ్గం మీద ఒక పిందె కొన కాస్త అటూ ఇటూ అయినా అది పిందెగానే ఉంటుంది. కథలో చిలకకు బదులు తుమ్మెద వచ్చినా ఫకీరు చస్తాడు. ఇక్కడ మాత్రం ఒకే ఒక గ్లైసిన్ స్థానంలో మరో పెద్ద ఆమ్లం వచ్చి కూర్చుంటే పురి సరిగా పడదు, బిడ్డ పెళుసు ఎముకలతో పుడుతుంది. ఆ మార్పు పోగులో ఎక్కడ వచ్చింది, ఏ ఆమ్లం వచ్చి చేరింది అన్నదాన్ని బట్టి, ఒక బిడ్డ నాలుగైదు ఎముకలు విరగడంతో బయటపడి పెద్దవాడవుతాడు. ఇంకొక బిడ్డను తల్లి పొత్తిళ్లలోంచి ఎత్తుకోవడానికే భయపడవలసి వస్తుంది.