గోడకు కళ్లున్నాయా? తొండి ఆటపై ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: నమస్కారం. ఈరోజు మన విషయం ఆన్‌లైన్ ఆటల్లో తొండి. చాలా ఏళ్లుగా కౌంటర్ స్ట్రైక్ అనే తుపాకుల ఆటకు సర్వర్లు, అంటే అందరినీ కలిపి ఆడించే కంప్యూటర్లు, నడుపుతున్న సాఫ్ట్‌వేర్ ఇంజినీరు మనతో ఉన్నారు. విజయవాడ నుంచి మొదటి కాల్. చెప్పండి.

శ్రోత: నమస్కారం సార్. స్నేహితుల కోసం చిన్న సర్వర్ పెట్టాను. రోజూ రాత్రి 20 మంది దాకా వస్తారు. ఒకతను గోడ వెనక ఉన్నవాళ్లను చూపించే వాల్‌హ్యాక్ వాడుతున్నాడని గొడవ. అతన్ని తీసేయకపోతే మేమే వెళ్లిపోతామంటున్నారు.

అతిథి: మీరు డెమో, అంటే ఆట రికార్డింగ్, చూశారా?

శ్రోత: స్కోరు చూశాను సార్. ప్రతి ఆటలోనూ అతనిదే పైచేయి.

అతిథి: స్కోరుదేముందండీ, బాగా ఆడేవాడికీ వస్తుంది. ఓడినవాడి కంటికి గెలిచినవాడు ఎప్పుడూ దొంగే. సర్వర్‌లో డెమో రికార్డింగ్ పెట్టండి. తర్వాత గోడల అవతలివాళ్లను చూపించే ఎక్స్‌రే ఆన్ చేసి, అతని కళ్లతో ఆట చూడండి. షిఫ్ట్ నొక్కి నడిస్తే అడుగుల చప్పుడు రాదని మీకు తెలుసు కదా. అలా చప్పుడు లేకుండా గోడ వెనక ఒకడు నడుస్తున్నాడు, తోటి ఆటగాళ్లెవరికీ కనిపించలేదు, అయినా ఇతని గురి గోడ మీద అతని వెంటే జరుగుతోంది. అదీ ఆనవాలు. ఒక్కసారి జరిగితే అదృష్టం అనుకోవచ్చు. నాలుగు ఆటల్లో పదేపదే జరిగితే ఇక అనుమానం అక్కర్లేదు.

శ్రోత: గోడ వెనక ఉన్నది అతనికి ఎలా తెలుస్తుంది సార్?

అతిథి: ఎదుటివాడు ఎక్కడున్నాడో సర్వర్ ముందే మీ కంప్యూటర్‌కు పంపేస్తుంది. తెర మీద చూపించదు, అంతే. ఆ దాచిన సమాచారాన్ని మెమరీలోంచి తీసి చూపించేదే వాల్‌హ్యాక్.

శ్రోత: రుజువైతే అతని ఐపీని, అంటే ఇంటర్నెట్ చిరునామాని, బ్యాన్ చేయమంటారా?

అతిథి: వద్దండీ. మన దగ్గర మొబైల్ కంపెనీలు ఒకే ఐపీని ఎంతోమందికి పంచుతాయి. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టినట్టవుతుంది. అతని ఆట ఖాతా నంబరు, అంటే స్టీమ్ ఐడీ మీద వేయండి. అందరి ముందూ చాట్‌లో తిట్టకండి, విడిగా చెప్పండి.

శ్రోత: అదే ఇబ్బంది సార్. అతను మా పిన్ని కొడుకు.

అతిథి: (నవ్వుతూ) ఆ మాట ముందే చెప్పాల్సింది! అయితే ఆ డెమో మీరు చూడకండి. ఈ గొడవతో సంబంధం లేని ఇద్దరికి, పేర్లు దాచి ఇవ్వండి. వాళ్లు అవునంటే తమ్ముడైనా బయటికే. 2018లో షాంఘై పోటీలో మన దేశపు జట్టులో ఒకడు దొరికిపోయాడు. హ్యాక్ ఫైలుకు వర్డ్ అని పేరు పెట్టుకున్నాడు. మిగతా నలుగురూ అతనితో పాటే ఇంటికి వచ్చేశారు. రేపు మీ సర్వర్‌లోనూ నష్టపోయేది తక్కినవాళ్లే.

వ్యాఖ్యాత: కరీంనగర్ నుంచి ఒక అమ్మగారు.

శ్రోత: మా అబ్బాయి తొమ్మిదో తరగతి బాబూ. 300 రూపాయలు పెట్టి ఏదో హ్యాక్ కొన్నాడట. ఇప్పుడు బ్యాన్ అయిందని అన్నం తినడం లేదు.

అతిథి: అమ్మా, ఆ ఫైలు పెట్టేటప్పుడు యాంటీవైరస్ ఆపమని అడిగిందా?

శ్రోత: అడిగిందట.

అతిథి: ముందు ఆ కంప్యూటర్‌కు ఇంటర్నెట్ తీసేయండి. మెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లు వేరే ఫోన్‌లోంచి మార్చండి. విండోస్ మళ్లీ కొత్తగా వేయించండి. తిట్లు తర్వాత.

శ్రోత: వాడు పక్కనే ఉన్నాడు, మాట్లాడతాడట.

బాలుడు: సార్, నా వ్యాక్ బ్యాన్ తీసేస్తారా?

అతిథి: తీయరు నాన్నా. తొండిని పట్టే వ్యాక్ వ్యవస్థ వేసిన బ్యాన్ శాశ్వతం, నీ ప్రొఫైల్‌లో అందరికీ కనిపిస్తుంది. మళ్లీ ఆడాలంటే హ్యాక్ లేకుండా, కొత్త ఖాతాతో మొదటి నుంచి మొదలుపెట్టాలి. కొన్నాళ్లు బాగా ఓడిపోతావు.

బాలుడు: హ్యాక్ ఉన్నప్పుడూ ఓడిపోయాను సార్.