గొట్టంలో అడ్డు తీసీస్తే సరిపోద్ది

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ఆదివారం సాయంత్రం బీచ్ రోడ్డు మానుకుని ఇక్కడికి వచ్చిన మీ అందరికీ నమస్కారం. అందరి పేర్లూ చదివితే నాకిచ్చిన పావుగంట అక్కడే అయిపోతుంది, కాబట్టి ఎవరూ ఏమీ అనుకోకండి.

గ్రంథాలయ వారోత్సవాలు కదా, పిల్లల్లో పఠనాసక్తి గురించి మాట్లాడమన్నారు. రాసుకొచ్చాను కూడా, కాగితాలు ఇవిగో. కానీ ఆ పిల్లలు ఎక్కడ కూర్చుని చదవాలో తేలకుండా ఆసక్తి గురించి ఏం చెప్పమంటారు? విశాఖ వన్ టౌన్‌లో మన పాత రీడింగ్ రూమ్ గేటుకి నోటీసు అంటించారు, భవనం కూల్చేస్తారట. నేను దాని గురించే మాట్లాడతాను, బెల్లు కొట్టినా సరే.

నోటీసులో ఏముందంటే, కట్టడం శిథిలావస్థకు చేరింది, ప్రజల ప్రాణాలకు ప్రమాదం. దాని స్థానంలో కింద పార్కింగు, పైన షాపులు, ఆ పైన మూడో అంతస్తులో ఆధునిక గ్రంథాలయం. రోజూ పేపర్ చదవడానికి వచ్చే డెబ్బై ఏళ్ల పెద్దమనిషి మూడో అంతస్తు ఎక్కాలన్నమాట.

అసలు శిథిలం ఎలా అయిందో చెప్తాను, కాస్త ఓపిగ్గా వినండి. ఆ కప్పు మద్రాస్ టెర్రస్. టేకు దూలాలు వరసగా వేసి, వాటి మీద ఇటుకల్ని నిలువుగా పేర్చి, పైన గానుగ సున్నం వేసి దిమ్మిస కొట్టిన కప్పు. వాన నీళ్లు పోవడానికి వెనక మూల ఒక గొట్టం ఉంది. ఆ గొట్టం పూడుకుపోయింది. నీళ్లు కప్పు మీద నిలిచాయి, గోడ చెమ్మ పట్టింది. ఎవరో కంప్లయింట్ ఇస్తే కాంట్రాక్టర్ వచ్చి ఏం చేశాడు? చెమ్మ పట్టిన సున్నపు గోడ మీద శుభ్రంగా సిమెంటు పూత పూసి బిల్లు పెట్టుకుని వెళ్లాడు. సున్నపు గోడ తడి పీల్చుకుంటుంది, ఎండ రాగానే వదిలేస్తుంది. దాని మీద సిమెంటు వేస్తే తడి లోపలే ఉండిపోతుంది. పైగా మన ఊరి ఉప్పు గాలి! రెండు వానాకాలాలు గడిచేసరికి పూత ఉబ్బి పెచ్చులు పెచ్చులుగా రాలింది. అప్పుడు ఇంజినీరుగారు వచ్చి, రాలిన పెచ్చుల్ని ఫోటో తీసుకుని, శిథిలం అని రాసేశారు. కప్పు మీదికి ఎక్కలేదు. నిచ్చెన లేదన్నారట. ఏ ఆఫీసో చెప్పను, మీకు తెలుసు.

అక్కడ పాత అటెండర్ ఒకాయన ఉన్నాడు. అందరం కూర్చుని కోర్టు, అర్జీ అని మాట్లాడుకుంటుంటే, "ఏటి బాబూ ఇదంతా, గొట్టంలో అడ్డు తీసీస్తే సరిపోద్ది" అన్నాడు. తాపీ మేస్త్రిని పిలిచి, నిచ్చెన అద్దెకు తెచ్చి ఎక్కించాం. పొడుగాటి ఊచతో పొడిస్తే ఏం వచ్చాయనుకున్నారు? బురద, పావురాల ఈకలు, చిన్న పిల్లల చెప్పు ఒకటి, చివర్లో జడంత పొడుగున రావి మొక్క వేళ్లు. ఆ వారమే వాన పడింది, నీళ్లు సుబ్బరంగా గొట్టంలోంచి పెరట్లోకి పోయాయి. మేస్త్రి అరచేయంత మేర సిమెంటు చెక్కి చూపించాడు. లోపల ఇటుక ఎర్రగా ఉంది, సుత్తితో తడితే ఖంగుమంది. ఇదా శిథిలం?

హుద్‌హుద్ తుఫాను మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది, 2014 అక్టోబర్ 12. కొత్తగా కట్టిన ఎయిర్‌పోర్టు కప్పే లేచిపోయింది. ఈ రీడింగ్ రూమ్‌కి పోయినవి వరండా పెంకులు, అంతే. వాటిని కూడా మళ్లీ వెయ్యలేదు, అది వేరే కథ.

ఇంకొకటి, ఆ భవనం ఎవరి దయాధర్మమూ కాదు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను. ఇంటికెళ్లి రసీదు తీసి చూడండి. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య గారు గ్రంథాలయ సంఘం పెట్టిన రోజుల్లో చందాలడిగి నడిపారు. ఇప్పుడు మన దగ్గర పన్నుగా వసూలు చేస్తున్నారు, అయినా గొట్టం శుభ్రం చేయించడానికి నిధులు లేవంటారు.

మొన్న ఒక కుర్రాడు అడిగాడు, "అక్కడికి ఎవరొస్తున్నారు అంకుల్, అన్నీ ఫోన్లోనే ఉన్నాయి కదా?" అని. బాబూ, మధ్యాహ్నం పూట వెళ్లి చూడు. గ్రూప్స్‌కి, రైల్వే పరీక్షలకి చదివే పిల్లలు చెట్టు కింద గోనెలు పరుచుకుని కూర్చుంటున్నారు, లోపల ఫ్యాన్లు తిరగవు కాబట్టి. పార్కింగు కష్టం నిజమే, పూర్ణా మార్కెట్ వైపు బండి పెట్టడానికి నేనూ ఏడుస్తాను. దానికి ఈ గోడలే కావాలా?

కూల్చకుండా ఆపడం మన వల్ల అవుతుందా అని నీరసపడకండి. 2003లో మద్రాసు మెరీనా మీద క్వీన్ మేరీస్ కాలేజీని కొట్టేసి సచివాలయం కడతామంటే ఆడపిల్లలు కాలేజీలోనే బైఠాయించారు. కాలేజీ ఇవాళ్టికీ ఉంది. 2019లో హైదరాబాద్ ఎర్రమంజిల్ ప్యాలెస్‌ని కూల్చాలన్న నిర్ణయాన్ని హైకోర్టు కొట్టేసింది. పోయినవీ ఉన్నాయి, దాచను. ఢిల్లీ ప్రగతి మైదాన్‌లో హాల్ ఆఫ్ నేషన్స్ అనే ఎగ్జిబిషన్ భవనం 1972 నాటిది, అరవై ఏళ్లు నిండలేదు కాబట్టి వారసత్వం లెక్కలోకి రాదన్నారు, 2017 ఏప్రిల్లో నేలమట్టం చేశారు. అక్కడేమో వయసు చాలలేదు, ఇక్కడేమో మనది ముసలిదైపోయిందట! మన కె.జి.హెచ్. ఆసుపత్రి 1923లో మొదలైంది, దాని పాత రాతి బ్లాకుల్ని ఎవరైనా కూల్చుదాం అంటున్నారా?

సరే, బెల్లు కొట్టారు, విన్నాను. రెండు ముక్కలు. కప్పునీ, గోడల్నీ కట్టడాల నిపుణులతో పరీక్ష చేయించమని అర్జీ రాశాం, ఆ పరీక్ష అయ్యేదాకా ఒక్క ఇటుక ముట్టుకోవద్దని అందులోనే అడిగాం. స్థిరత్వ నివేదిక కాపీ ఇమ్మని సమాచార హక్కు చట్టం కింద విడిగా దరఖాస్తు పెట్టాం, ముప్పై రోజుల్లో జవాబివ్వాలి, చూద్దాం. మీ ఇళ్లలో ఆ భవనం ముందు దిగిన పాత ఫోటోలు ఏమైనా ఉంటే తీసి ఇవ్వండి, తాతగారి చందా రసీదైనా సరే. అమ్మా, వెనక వరసలో వెళ్లిపోతున్నవాళ్లు, ఒక్క నిమిషం. సంతకాల కాగితం గుమ్మం దగ్గర బల్ల మీద ఉంది. సంతకంతో పాటు ఇంటి నంబరు కూడా రాయండి, కిందటిసారి ఇంటి నంబర్లు లేవని అర్జీ వెనక్కి పంపేశారు.