సెయింట్ బెర్నార్డ్ పోయింది చెక్కది కావడం వల్ల కాదు

నమస్తే అండి. కెనడాలోని హాలిఫాక్స్ రేవులో జరిగిన పేలుడు గురించి ఎవరు చెప్పినా మాంట్ బ్లాంక్, ఇమో అనే రెండు ఓడల పేర్లే వినిపిస్తాయి. ఆరో నంబర్ పియర్‌కి, అంటే ఓడలు కట్టేసే రేవు గట్టుకి, కట్టి ఉన్న సెయింట్ బెర్నార్డ్ అనే స్కూనర్‌కి, అంటే తెరచాపల చెక్క ఓడకి, దక్కేది ఒక్క మాట: "చెక్కది కదా, కాలిపోయింది." ఆ మాట విన్నప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమంటుంది. అది పోవడానికి కారణం చెక్క కాదు.

దీపావళి లక్ష్మీ బాంబు గుర్తు తెచ్చుకోండి. పైన వత్తి, లోపల మందు, చుట్టూ బిగించిన పురికొస.

1917 డిసెంబర్ 6న మాంట్ బ్లాంక్ అచ్చం అలాగే ఉంది. లోపల పిక్రిక్ యాసిడ్, టీఎన్‌టీ, గన్‌కాటన్ అనే పేలుడు మందులు కలిపి రెండున్నర వేల టన్నులకు పైనే. ఇనుము రాసుకుని నిప్పురవ్వ పుడుతుందేమోనని గదుల గోడలకు చెక్క పలకలు వేసి, రాగి మేకులు కొట్టారు. అంత జాగ్రత్త పడ్డవాళ్లు పైన డెక్ మీద బెంజోల్ పీపాలు, అంటే ఇట్టే అంటుకునే ద్రవం పీపాలు, పేర్చారు! వత్తిని వాళ్ల చేతులతో వాళ్లే పెట్టారన్నమాట. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

ఉదయం 8:45 ప్రాంతంలో ఇమో వచ్చి గుద్దింది. దాంతో ఏమీ పేలలేదు. ఇమో వెనక్కి లాక్కునేటప్పుడు రాపిడికి నిప్పురవ్వలు లేచి, కారుతున్న బెంజోల్ అంటుకుంది. వత్తి ముట్టింది. ఆ తర్వాత ఇరవై నిమిషాల దాకా పేలలేదు.

బాంబు పేలకపోతే పిల్లలు ఏం చేస్తారు? దగ్గరికెళ్లి వంగి చూస్తారు. ఆ రోజు ఊరు ఊరంతా అదే చేసింది. మంటలు చూద్దామని జనం కిటికీల దగ్గర నిలబడ్డారు. అద్దాలు పగిలి కళ్లకు తగిలిన గాయాలే దాదాపు 5,900. మాంట్ బ్లాంక్ సిబ్బంది పడవల్లో పారిపోతూ ఫ్రెంచిలో అరిచారు కానీ ఎవరికీ అర్థం కాలేదు.

మండుతున్న ఓడ కొట్టుకొచ్చి ఆగింది సరిగ్గా ఆరో పియర్ దగ్గరే. సెయింట్ బెర్నార్డ్ ఉన్నదీ అక్కడే. తెరచాప ఓడ రేవు వదలాలంటే అనువైన గాలైనా ఉండాలి, లాగే టగ్ అయినా రావాలి. అక్కడున్న స్టెల్లా మారిస్ అనే టగ్ మంట మీద నీళ్లు కొడుతోంది. మాంట్ బ్లాంక్‌ని పియర్ నుంచి అవతలికి లాగేద్దామనుకున్నారు. మొదటి తాడు సన్నదని వదిలేసి, పది అంగుళాల తాడు తెమ్మన్నారు. ఆ తాడు పైకి తెస్తుండగానే...

9 గంటల 4 నిమిషాల 35 సెకన్లు.

మాంట్ బ్లాంక్ ఉక్కు ఓడ. దాని లంగరు కాడ అర టన్ను బరువు, అది ఎగిరి మూడు కిలోమీటర్ల అవతల పడింది. పురికొసే తునాతునకలైతే పక్కనున్నది చెక్కయితే ఏంటి, ఇనుమైతే ఏంటి? ఎనిమిదో పియర్‌లో ఉన్న క్యురాకా ఉక్కు స్టీమరే. అదీ తీవ్రంగా దెబ్బతింది.

టైమ్ అయిపోతోంది, మిగతాది గబగబా చెప్పేస్తాను. పేలుడు వెనకే పెద్ద అల, మర్నాడు మంచు తుఫాను. సుమారు 2,000 మంది చనిపోయారు, 9,000 మంది గాయపడ్డారు.

మన బొంబాయిలోనూ జరిగింది. 1944 ఏప్రిల్ 14న విక్టోరియా డాక్‌లో ఫోర్ట్ స్టికైన్ ఓడ. అందులో పేలుడు మందుతో పాటు పత్తి బేళ్లు ఎక్కించారు. ఏటా ఏప్రిల్ 14న మొదలయ్యే అగ్నిమాపక వారోత్సవాలు ఆ రోజు చనిపోయిన ఫైర్ సిబ్బంది గుర్తుగానే. అక్కడ వత్తి రెండు గంటలు కాలింది.