‘మనం’ అన్నది ఎవరిని?

వ్యాఖ్యాత: తర్వాతి కాలర్ లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా.

కాలర్: నమస్తే మేడం. డిగ్రీ చదువుతున్నాను. వ్యాసం ఇచ్చి భాష, ఉద్దేశం విశ్లేషించమంటే నేను రాసేది చివరికి సారాంశమే అవుతోంది. ‘ఏం చెప్పారో రాశావు, ఎలా చెప్పారో రాయలేదు’ అంటారు మా లెక్చరర్. ఎదుటివాళ్లని ఒప్పించడానికి గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ చెప్పిన మూడు మార్గాలూ బట్టీ పట్టాను. అయినా టెన్షనే.

నిపుణురాలు: చెప్పేవాడి మీద నమ్మకం, వినేవాడి ఉద్వేగం, తర్కం. ఆ మూడేగా? పేర్లు ఆఖర్న పెట్టుకోవచ్చు. దగ్గర వ్యాసం ఏదైనా ఉందా?

కాలర్: ఉంది మేడం. ‘పిల్లల చేతికి ఫోన్ ఇచ్చి మనం చేతులు దులుపుకున్నాం. ఫలితం అందరికీ తెలిసిందే.’

నిపుణురాలు: ‘మనం’ తీసేసి ‘మీరు’ పెట్టి చదవండి.

కాలర్: ‘మీరు చేతులు దులుపుకున్నారు’... తిట్టినట్టుంది.

నిపుణురాలు: ‘మేము’ పెడితే?

కాలర్: వాళ్ల తప్పు వాళ్లు ఒప్పుకున్నట్టుంది. నాకేం సంబంధం లేదు.

నిపుణురాలు: చూశారా! ‘మనం’, ‘మేము’ రెండింటికీ ఇంగ్లిష్‌లో ఒకటే మాట, ‘వి’ (we). తెలుగులో రచయిత ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు. ‘మనం’ అనేసరికి తప్పులో మీకూ వాటా వచ్చింది, కోపం మాత్రం రాలేదు. సరే, ఆ ఫలితం ఏమిటి?

కాలర్: ...చెప్పలేదు మేడం.

నిపుణురాలు: ‘తెలిసిందే’ అన్నాక అడగాలంటే మొహమాటం. అందరికీ తెలిసింది నాకొక్కదానికే తెలియదా అనిపిస్తుంది.

వ్యాఖ్యాత: నేనూ రోజుకు పదిసార్లు అంటానండి, ‘మీకు తెలిసిందే’ అని!

నిపుణురాలు: మిమ్మల్ని వదిలేశాం లెండి.

కాలర్: అయితే మోసం చేస్తున్నాడని రాయనా?

నిపుణురాలు: అయ్యో, వద్దు. అలా తీర్పు చెప్తే విశ్లేషణ ఆగిపోతుంది. ఆ మాట పాఠకుడిని ఎటు నడిపిస్తోందో రాయండి. చివరికి ఏం కోరాడు?

కాలర్: బడిలో ఫోన్లు నిషేధించాలని.

నిపుణురాలు: తప్పేమో ఇంట్లో, నిషేధమేమో బడిలో! ఇంటి నుంచి బడికి ఎలా తీసుకెళ్లాడు? మధ్యలో ‘మనం’ ఎక్కడ మాయమైందో చూడండి.

కాలర్: మూడో పేరా... ఉండండి... ‘కఠిన చర్యలు తీసుకోవాలి’. ఎవరు తీసుకోవాలో లేదు!

నిపుణురాలు: అక్కడ గీత గీయండి. జవాబు దాంతో మొదలుపెట్టండి.

వ్యాఖ్యాత: థాంక్యూ అమ్మా. ఇంకో కాలర్ ఎదురుచూస్తున్నారు. హలో?