మూసీ పాఠం క్లాసులో ఎలా చెప్పాలి? (ఫోన్-ఇన్ కార్యక్రమం)

యాంకర్: నమస్కారం, ఫోన్-ఇన్ కార్యక్రమానికి స్వాగతం. క్లాసులో ఎత్తాలంటే టీచర్లు జంకే విషయాల గురించి ఈ రోజు మాట్లాడుకుందాం. హైదరాబాద్ ప్రభుత్వ హైస్కూళ్లలో చాలా ఏళ్లు సోషల్ చెప్పి రిటైరైన టీచర్ గారు మనతో ఉన్నారు. మొదటి కాల్ మలక్‌పేట నుంచి. చెప్పండమ్మా.

కాలర్: నమస్తే మేడమ్. నేను బీఎడ్ సెకండియర్. ఇంటర్న్‌షిప్‌కి మూసీ పక్కనున్న ఒక హైస్కూల్లో వేశారు. ముందు గైడ్ టీచర్ క్లాసులు అబ్జర్వ్ చేయాలి, తర్వాత తొమ్మిదో తరగతికి నేను మూసీ గురించి చెప్పాలి. 2024లో అక్కడ కొంతమంది పిల్లల ఇళ్ల మీద ఎర్ర రంగుతో ఆర్‌బీ-ఎక్స్ అని, అంటే నదిలోపల ఉన్న ఇల్లు, ఖాళీ చేయించాలి అన్న గుర్తు, రాసి వెళ్లారు. వాళ్ల స్నేహితులు కొందరు ఇళ్లు ఖాళీ చేసి వెళ్లిపోయారు. స్టాఫ్‌రూమ్‌లోనేమో "ఆ గొడవ మనకెందుకమ్మా, వరదల గురించి చెప్పి వచ్చేయ్" అంటున్నారు.

టీచర్: చెప్పాల్సిందే తల్లీ. పొద్దున లేస్తే ఆ పిల్లలకు కనిపించేది ఆ నదే. మనం దాటేస్తే బడికీ తమ బతుక్కీ సంబంధం లేదనుకుంటారు. కాకపోతే తొందరపడకు. ముందు అబ్జర్వేషన్ సంగతి చూద్దాం. మీ రికార్డులో ఏమేం అడుగుతారు?

కాలర్: బ్లాక్‌బోర్డు వాడకం, ప్రశ్నలు, గొంతు, బోధనోపకరణాలు... ఇలాంటివి మేడమ్.

టీచర్: అవి నింపు. వాటితో పాటు ఒక తెల్లకాగితం మీద బెంచీలు గీసుకో. చివరి బెంచీలో కూర్చోవద్దు, అక్కణ్నుంచి జడలూ వీపులే కనిపిస్తాయి. ముందు వరుసకి ఓ పక్కన కూర్చుంటే ముఖాలు కనిపిస్తాయి. ప్రశ్న అడిగాక టీచర్ ఎంతసేపు ఆగారు, ఎవరు చెయ్యెత్తారు, ఎవరు మాట్లాడుతుంటే ఎవరు తల దించుకున్నారు, ఇవన్నీ ఆ కాగితం మీద గుర్తు పెట్టుకో. ఒక అబ్బాయి "వాళ్లు నదిలో కట్టుకున్నారు కదా టీచర్, కూల్చాల్సిందే" అన్నాడనుకో. ఆ మాట అన్నది అన్నట్టు ఎడమ పేజీలో రాయి, టీచర్ ఏమన్నారో దాని కింద రాయి. నీకేమనిపించిందో కుడి పేజీలో. రెండూ కలిపేస్తే జరిగిందేదో, నువ్వు ఊహించుకున్నదేదో సాయంత్రానికి నీకే తేలదు.

కాలర్: ఎవరిళ్లకు మార్కు పడిందో తెలుసుకోవాలా మేడమ్?

టీచర్: తెలుసుకోవాలి, కానీ క్లాసులో కాదు. "ఎవరింటికి మార్కు పెట్టారు, చేతులెత్తండి" అన్న మాట పొరపాటున కూడా రాకూడదు. క్లాస్ టీచర్‌ని విడిగా అడుగు. ఆ పిల్లలతో ముందు రోజే చెప్పు: "రేపు మూసీ గురించి మాట్లాడుకుంటాం. నీకు చెప్పాలనిపిస్తే చెప్పు, లేకపోతే లేదు. నేనైతే నిన్ను లేపి అడగను." ఆ మాట తప్పకు.

యాంకర్: ఒక్క పీరియడ్ సరిపోతుందా మేడమ్?

టీచర్: సరిపోదండీ. కనీసం మూడు కావాలి. మొదటి పీరియడ్ అంతా నది చరిత్ర. 1908 సెప్టెంబర్ 28న వచ్చిన వరదలో వేల మంది పోయారు. ఇప్పటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో చింతచెట్టెక్కి నూట యాభై మంది దాకా బతికారని చెప్తారు. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తల్లినీ, భార్యనూ, కూతుర్నీ ఆ వరదలోనే పోగొట్టుకున్నారు. తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. వరదను ఆపడానికి కట్టిన జలాశయాలు, 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. అయినా 2025 సెప్టెంబర్‌లో వాటి గేట్లెత్తితే ఎంజీబీఎస్ బస్టాండులోకి నీళ్లొచ్చాయి, అది పిల్లలు కళ్లారా చూసిందే. నదికి చోటు కావాలన్న సంగతి ఇల్లు పోయే పిల్లాడు కూడా ఒప్పుకుంటాడు. నీళ్లు ముందు వచ్చేది వాళ్లింటికే కదా.

రెండో పీరియడ్‌లో చట్టం. రాజ్యాంగంలో జీవించే హక్కు గురించి చెప్పే 21వ అధికరణం చదివించండి. 1985లో ఓల్గా టెల్లిస్ కేసులో బొంబాయి ఫుట్‌పాత్ వాసుల గురించి సుప్రీంకోర్టు ఏమందో చెప్పండి. బతుకుతెరువు కూడా జీవించే హక్కులో భాగమేనంది. అలాగని ఖాళీ చేయించనే కూడదని అనలేదు. 2024 నవంబర్ 13న బుల్‌డోజర్ కూల్చివేతల మీద ఇచ్చిన తీర్పు కూడా అంతే. పదిహేను రోజుల నోటీసు ఇవ్వాలి, వాళ్ల మాట వినాలి అంది. అదే తీర్పులో రోడ్లు, నదులు, చెరువుల్లాంటి చోట్ల ఉన్న అనధికార కట్టడాలకు ఇది వర్తించదనీ ఉంది. టీచర్లు ఈ రెండో సగం మింగేస్తారు, లేదంటే మొదటి సగం. రెండూ బోర్డు మీద పడాలి.

కాలర్: మూడో పీరియడ్‌లో డిబేట్ పెట్టొచ్చా?

టీచర్: వద్దమ్మా. కూల్చాలా వద్దా అని క్లాసును రెండు జట్లు చేస్తే, ఒక అమ్మాయి తన ఇంటి మీద జరిగే ఓటింగ్ చూస్తూ కూర్చోవాలి. అది నాకు సుతరామూ ఇష్టం లేదు. నువ్వే ఒక ఇల్లు కల్పించు. పై అంతస్తులో ఓనరు, చేతిలో నోటరీ కాగితం. కింద కిరాయికున్న కుటుంబం, వాళ్ల పేరు మీద కరెంటు బిల్లు కూడా లేదు. తల్లి దగ్గర్లో ఇళ్లల్లో పని చేస్తుంది, కొడుకు పదో తరగతి, పరీక్షలు దగ్గర పడ్డాయి. ఇప్పుడడుగు: ఈ ఇల్లు ఖాళీ చేయించే ముందు ఏమేం జరగాలి, ఎవరు చేయాలి? ప్రభుత్వం బదులుగా డబుల్ బెడ్రూమ్ ఇల్లు ఇస్తే ఎవరికివ్వాలి, ఓనరుకా, కిరాయిదారుకా? ముందు ఎవరి నోట్‌బుక్‌లో వాళ్లు రాసుకోవాలి, తర్వాతే మాట్లాడాలి. అప్పుడు గట్టిగా మాట్లాడేవాళ్ల మాటే చెల్లకుండా ఉంటుంది.

యాంకర్: మరో కాల్, రాజేంద్రనగర్ నుంచి. చెప్పండి సార్.

కాలర్: నమస్తే మేడమ్, నేనూ సోషల్ టీచర్నే. ఇలాంటి పాఠం చెప్తే "సార్, మీరే పార్టీ?" అని పిల్లలే అడుగుతారు. ఇంటికెళ్లి ఏం చెప్తారో, వాట్సాప్‌లో ఏం తిరుగుతుందో అని టెన్షన్.

టీచర్: ఆ టెన్షన్ నిజమే సార్. అందుకే హెచ్ఎం గారికి ముందే చెప్పి, పీరియడ్ ప్లాన్‌లో అన్నీ రాసి సంతకం తీసుకోండి. పార్టీ మాట వస్తే, మనం ప్రభుత్వోద్యోగులం, కండక్ట్ రూల్స్ ఒప్పుకోవని చెప్పండి. నా అభిప్రాయం చెప్పకపోవడానికి అసలు కారణం వేరే ఉంది, అది కూడా పిల్లలకు చెప్పేదాన్ని: "మీ మార్కులు నా చేతిలో ఉన్నాయి. నేను చెప్తే మీరు అదే రాస్తారు." బోర్డును రెండు భాగాలు చేసి, తేలిన విషయాలు ఒకవైపు, మనుషులు వేర్వేరుగా అనుకునేవి ఇంకోవైపు రాయండి. ఫలానా ఏడాది వరదే రాలేదని ఒకడంటే దాన్ని రెండో వైపు రాయకూడదు, సరిదిద్దాలి.

యాంకర్: చివరి కాల్, చాదర్‌ఘాట్ నుంచి. చెప్పండన్నా.

కాలర్: నమస్తే మేడమ్. నేను ఆటో నడుపుతా. మా పాప ఎనిమిదో తరగతి. క్లాసులో మూసీ ముచ్చట వచ్చినప్పుడు ఒక పిల్ల "మీది కబ్జా ఇల్లంట కదా" అన్నదట. అందరూ నవ్విన్రట. అప్పట్నుంచి బడికి పోనంటుంది.

టీచర్: అయ్యో బాబూ. ఆ నవ్వు దగ్గరే టీచర్ పాఠం ఆపాల్సింది. ఇందాకటి అమ్మాయి వింటుంటే, ప్లాన్‌లో ఇదీ రాసుకో తల్లీ. అలాంటి మాట వస్తే ఏమంటావో ముందే సిద్ధం చేసుకో. "మనం చట్టం గురించి మాట్లాడుతున్నాం, ఈ గదిలో ఉన్నవాళ్ల ఇళ్ల గురించి కాదు" అని గట్టిగా చెప్పి ఆపేయాలి. బాబూ, మీరు రేపు ప్రేయర్ టైమ్‌లో కాకుండా ఇంటర్వెల్‌లో వెళ్లి క్లాస్ టీచర్‌ని విడిగా కలవండి. పాపను ఆ రోజు బలవంతంగా తీసుకెళ్లొద్దు. ఆ అమ్మాయికి శిక్ష వేయమని కాదు, మా పాప తిరిగొచ్చిన రోజు మీరు పక్కనుండాలని అడగండి.

కాలర్: అట్లనే మేడమ్. రేపు మమ్మల్ని వేరే చోటుకి పంపితే బడి ఎట్ల? టీసీ ఇయ్యరేమోనని భయం.

టీచర్: విద్యాహక్కు చట్టం ఉంది బాబూ, 2009ది. ఎనిమిదో తరగతి దాకా పిల్లలు బడి మారతామంటే హెచ్ఎం వెంటనే టీసీ ఇవ్వాలి. టీసీ ఆలస్యమైందని కొత్త బడివాళ్లు చేర్చుకోకుండా ఉండకూడదు, ఐదో సెక్షన్‌లో ఉంది. ఎవరైనా కాదంటే ఎంఈవో, అంటే మండల విద్యాధికారి, ఆఫీసుకు వెళ్లి రాతపూర్వకంగా ఇవ్వండి, జిరాక్స్ మీద స్టాంపు వేయించుకోండి.

కాలర్: ఐదో సెక్షన్ అన్నరు కదా మేడమ్, రాసుకున్నా.