ఆబ్జెక్ట్ నుంచి ఎక్స్‌ఎంఎల్‌కి, మళ్లీ వెనక్కి: దారిలో ఏం పోతుంది?

(తెర మీద: ఎడిటర్‌లో రెండు క్లాసులు, కస్టమర్, ఆర్డర్)

ప్రోగ్రాం నడుస్తున్నంతసేపే ఆబ్జెక్ట్‌లు మెమరీలో ఉంటాయి. వాటిని ఇంకో సిస్టమ్‌కి పంపాలన్నా, ఫైల్లో దాచాలన్నా ముందు అక్షరాల్లోకి మార్చాలి. అలా ట్యాగుల మధ్య డేటా రాసే ఎక్స్‌ఎంఎల్‌గా మార్చడాన్ని జావా వాళ్లు మార్షలింగ్ అంటారు. ఎక్స్‌ఎంఎల్ చదివి మళ్లీ ఆబ్జెక్ట్ తయారుచెయ్యడం అన్‌మార్షలింగ్. డాట్‌నెట్ వాళ్ల దగ్గర ఇవే సీరియలైజేషన్, డీసీరియలైజేషన్.

జావాలో ఈ పని చేసేది జాక్స్‌బి అనే లైబ్రరీ. క్లాసు నెత్తిన @ఎక్స్‌ఎంఎల్‌రూట్‌ఎలిమెంట్ అనే అనోటేషన్ (కోడ్‌కి అంటించే గుర్తు) పెట్టి, మన క్లాసుల వివరాలు పట్టుకుని ఉండే జాక్స్‌బి కాంటెక్స్ట్ తయారుచేసి, దాన్నుంచి మార్షలర్ తీసుకుని పిలిస్తే ఇలా వస్తుంది.

(తెర మీద:)

<ఆర్డర్ సంఖ్య="ఆ1024">
  <తేదీ>2024-03-05</తేదీ>
  <పరిమాణం>3</పరిమాణం>
</ఆర్డర్>

ట్యాగులు తెలుగులో ఉన్నాయేమిటి అనుకోకండి, ఇది నిఖార్సైన ఎక్స్‌ఎంఎల్. 1998లో వచ్చిన 1.0 వెర్షన్ నుంచీ ట్యాగుల పేర్లు ఇలా పెట్టుకోవచ్చు. ఎవరూ పెట్టరు, అది వేరే సంగతి.

డెమోలో ఇంతవరకూ అంతా బాగానే ఉంటుంది. చాలా పాఠాలు ఇక్కడితో ఆగిపోతాయి కూడా. అసలు గొడవ ఇక్కడే మొదలవుతుంది.

(తెర మీద: కస్టమర్ నుంచి ఆర్డర్‌కి ఒక బాణం, ఆర్డర్ నుంచి తిరిగి కస్టమర్‌కి ఇంకో బాణం)

కస్టమర్ దగ్గర తన ఆర్డర్ల లిస్టు ఉంది. ప్రతి ఆర్డర్‌కీ తన కస్టమర్ ఎవరో తెలుసు. మెమరీలో ఇది మామూలు విషయం, ఎవరు ఎవరినైనా చూపించుకోవచ్చు. ఎక్స్‌ఎంఎల్ మాత్రం చెట్టు. ఒక ఎలిమెంట్ లోపల ఇంకో ఎలిమెంట్, ప్రతిదానికీ ఒక్కటే తల్లి. కస్టమర్ లోపల ఆర్డర్ రాసి, ఆ ఆర్డర్ లోపల మళ్లీ కస్టమర్ రాయబోతే దానికి అంతు ఉండదు. అందుకే జాక్స్‌బి చక్రం ఉందని ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. డాట్‌నెట్‌లోని ఎక్స్‌ఎంఎల్ సీరియలైజర్ కూడా ఇంతే, ఎక్సెప్షన్ విసురుతుంది.

చాలామంది చేసే పని, వెనక్కి చూపే ఫీల్డ్ మీద, దీన్ని రాయకు అని చెప్పే @ఎక్స్‌ఎంఎల్‌ట్రాన్సియెంట్ పెట్టేయడం. ఎర్రర్ పోతుంది. కానీ తిరిగి చదివినప్పుడు ఏ ఆర్డర్‌కీ కస్టమర్ ఉండడు, అన్నీ నల్, అంటే ఖాళీ. దీనికి జాక్స్‌బిలోనే మందు ఉంది. ఆర్డర్ క్లాసులో ఆఫ్టర్‌అన్‌మార్షల్ అనే మెథడ్ రాస్తే, చదవడం అయ్యాక జాక్స్‌బి దాన్ని పిలిచి తల్లి ఆబ్జెక్ట్‌ని చేతికిస్తుంది. దాన్ని కస్టమర్ ఫీల్డ్‌లో పెట్టుకోవడమే.

చక్రం కనీసం ఎర్రర్ ఇస్తుంది. ఎర్రర్ ఇవ్వని తప్పులతోనే నాకు టెన్షన్.

(తెర మీద: రెండు ఆర్డర్లు, రెండూ చూపించే ఒకే చిరునామా ఆబ్జెక్ట్)

రెండు ఆర్డర్లూ ఒకే చిరునామా ఆబ్జెక్ట్‌ని చూపిస్తున్నాయనుకుందాం. ఎక్స్‌ఎంఎల్‌లో అది రెండుసార్లు రాయబడుతుంది. తిరిగి చదివితే రెండు వేర్వేరు ఆబ్జెక్ట్‌లు పుడతాయి. ఇప్పుడు ఒకదాన్ని మారిస్తే రెండోది మారదు. డేటా ఒక్క అక్షరం కూడా పోలేదు, కానీ ఆ రెండూ ఒకటే అన్న సంగతి పోయింది. దాన్ని కాపాడాలంటే చిరునామాలను ఒకచోట విడిగా రాసి, @ఎక్స్‌ఎంఎల్‌ఐడి, @ఎక్స్‌ఎంఎల్‌ఐడిరెఫ్ వాడి ఆర్డర్లలో ఐడి మాత్రమే ఉంచాలి. ఎక్స్‌ఎంఎల్ ఎలా ఉండాలో చెప్పే స్కీమా నియమాల ప్రకారం ఆ ఐడి అంకెతో మొదలవకూడదు. డేటాబేస్ నంబర్‌ని అలాగే పెడితే ఆ నియమాలతో సరిచూసే వ్యాలిడేషన్ దగ్గర దొరికిపోతారు. పైన ఆర్డర్ సంఖ్య ముందు ఒక అక్షరం పెట్టింది కూడా ఇందుకే.

ఇక లేనివాటి సంగతి. నల్‌గా ఉన్న ఫీల్డ్‌ని జాక్స్‌బి అసలు రాయదు. మరి చదివేటప్పుడు? పరిమాణం అనే ఎలిమెంట్ లేదనుకోండి. ఫీల్డ్ టైపు మామూలు ఇంట్ అయితే అందులో సున్నా ఉంటుంది. అవతలివాళ్లు సున్నా అని పంపారా, అసలు పంపనే లేదా అన్నది ఇక ఎప్పటికీ తేలదు. ఇంటీజర్ అని రాస్తే నల్ వస్తుంది, కనీసం తేడా తెలుస్తుంది. బయటినుంచి వచ్చే ఎక్స్‌ఎంఎల్‌ని చదివే క్లాసుల్లో నేను ఇంట్ వాడను.

(తెర మీద: అవతలి సిస్టమ్ పంపిన ఎక్స్‌ఎంఎల్, పక్కన అన్ని ఫీల్డులూ నల్ అయిన ఆబ్జెక్ట్)

ఎక్స్‌ఎంఎల్‌లో విలువలన్నీ కళ్లెదుట కనిపిస్తున్నా, ఆబ్జెక్ట్‌లో అన్నీ నల్. నూటికి తొంభైసార్లు దీనికి కారణం నేమ్‌స్పేసే, అంటే ఎలిమెంట్ పేరు ఏ కుటుంబానిదో చెప్పే ఇంటిపేరే, అని నా అనుమానం. రూట్ (అన్నిటికంటే పైనున్న) ఎలిమెంట్ నేమ్‌స్పేస్ తప్పుగా ఉంటే జాక్స్‌బి గట్టిగానే అరుస్తుంది. లోపలి ఎలిమెంట్లది తప్పుగా ఉంటే, తెలియని ఎలిమెంట్ అనుకుని మౌనంగా దాటేసి పోతుంది. మనుషులకి పేరు ఒకటే. జాక్స్‌బికి మాత్రం నేమ్‌స్పేస్‌తో కలిపితేనే పేరు. ప్యాకేజీ స్థాయిలో @ఎక్స్‌ఎంఎల్‌స్కీమా పెట్టి, లోపలి ఎలిమెంట్లకీ ఆ నేమ్‌స్పేస్ ఉంటుంది (క్వాలిఫైడ్) అని చెబితే సరిపోతుంది. స్కీమాతో వ్యాలిడేషన్ ఆన్ చేసుకుంటే ఆ మౌనం కూడా పోతుంది. అవతలివాళ్లు స్కీమా ఫైలు ఇచ్చి ఉంటే క్లాసులు చేత్తో రాయకండి, ఎక్స్‌జేసీ అనే టూల్ వాటిని తయారుచేసి పెడుతుంది.

అలా తయారైన క్లాసులనే ప్రోగ్రాం అంతటా వాడెయ్యాలనిపిస్తుంది. వద్దు. అవతలివాళ్లు ఫార్మాట్‌లో ఒక ట్యాగు మార్చినప్పుడల్లా మీ లెక్కల కోడ్ కదలకూడదు. ఎక్స్‌ఎంఎల్ కోసం వేరే క్లాసులు, పని కోసం వేరే క్లాసులు, మధ్యలో మార్చే చిన్న కోడ్. రాయడానికి విసుగే, ఒప్పుకుంటాను. కానీ చక్రాలు, నల్‌లు, ఐడిలు అన్నిటినీ సర్దుకోవడానికి ఒకే చోటు దొరుకుతుంది.

వేగం గురించి ఒక్క మాట. కాంటెక్స్ట్ తయారుచెయ్యడమే ఖరీదైన పని, కాబట్టి దాన్ని ఒకసారి చేసి దాచుకోండి. అన్ని థ్రెడ్‌లూ (ప్రోగ్రాంలో ఒకేసారి నడిచే పనులు) దాన్ని పంచుకోవచ్చు. మార్షలర్‌ని మాత్రం పంచుకోకండి, అది థ్రెడ్‌సేఫ్ కాదు.

(తెర మీద: లోపల ఎంటిటీలు ఉన్న చిన్న ఫైలు, పక్కన మెమరీ గ్రాఫ్ నిట్టనిలువుగా)

తెలియనివాళ్లు పంపే ఎక్స్‌ఎంఎల్ చదువుతుంటే డీటీడీని, అంటే ఫైలు మొదట్లో ఎంటిటీలు లాంటివి నిర్వచించుకునే భాగాన్ని, ఆపెయ్యండి. ఎంటిటీ అంటే ఒక పేరు, చదివేటప్పుడు దాని స్థానంలో ముందే రాసిపెట్టిన పాఠం వచ్చి చేరుతుంది. ఒక ఎంటిటీలో ఇంకో ఎంటిటీని పదిసార్లు, దానిలో మరొకదాన్ని పదిసార్లు పెట్టుకుంటూ పోతే, వెయ్యి బైట్లు కూడా లేని ఫైలు మెమరీలో 3 జీబీ దాకా ఉబ్బుతుంది. బిలియన్ లాఫ్స్ అని దీనికి పేరు. బయటి ఫైళ్లను చూపే ఎంటిటీలను అనుమతిస్తే ఇంకా ఘోరం, మీ సర్వర్‌లోని ఫైళ్లనే చదివి బయటికి పంపించెయ్యొచ్చు.

చివరగా, 2018లో వచ్చిన జావా 11 నుంచి జాక్స్‌బి జావాతో పాటు రావడం లేదు, విడిగా డిపెండెన్సీ పెట్టుకోవాలి. 3.0 వెర్షన్ నుంచి దాని ప్యాకేజీ పేరు కూడా జావాఎక్స్ పోయి జకార్తా అయింది. అనోటేషన్ పాత ప్యాకేజీది, లైబ్రరీ కొత్తది అయితే, @ఎక్స్‌ఎంఎల్‌రూట్‌ఎలిమెంట్ లేదని ఎర్రర్ వస్తుంది. ఆ అనోటేషన్ మీ కళ్లముందే, క్లాసు నెత్తినే ఉంటుంది. అనోటేషన్‌ని కాదు, ఫైలు పైనున్న ఇంపోర్ట్ లైన్‌ని చూడండి.