ఏ మోడల్ అని నన్ను అడగకండి

అందరికీ నమస్కారం. అధ్యక్షులకి, వేదిక మీద పెద్దలకి, కుర్చీలు చాలక వెనకాల నిలబడ్డవాళ్లకి కూడా. నన్ను పరిచయం చేసినాయన కాస్త ఎక్కువే చెప్పారు, అందులో సగం తీసేసి మిగతాది నమ్మండి. నాకిచ్చిన అంశం ‘ఆపద సమయాలకు నమ్మదగిన పాత వాహనం ఎంపిక’. దాని గురించి చెబుతాను. కాకపోతే ఈ అంశం పేరు చెప్పి నా గొడవ కూడా ఒకటి వెళ్లబోసుకుందామని వచ్చాను, అది టైర్ల గొడవ. మధ్యలో వస్తుంది, ఓపిక పట్టండి.

ఇలాంటి సభలకి వెళ్తే మైకు ఇంకా చేతికి రాకముందే ఒకరు అడుగుతారు, ‘సార్, ఏ మోడల్ కొనమంటారు?’ అని. నేను ఏదో ఒక పేరు చెబితే రాసుకుని వెళ్లిపోదామని. ఆపద అంటే ఏమిటో అనుకోకుండా బండి పేరు చెప్పి ఏం లాభం?

ఆపద అనగానే మనకి కళ్ల ముందు కొండలెక్కే బండి కనిపిస్తుంది, బురద చిమ్ముకుంటూ రాళ్ల మీంచి దూకుతూ. అసలు జరిగేది వేరు. 2005 సెప్టెంబర్‌లో రీటా తుఫాను వస్తోందని అమెరికాలో హ్యూస్టన్ చుట్టుపక్కల నుంచి లక్షల మంది ఒకేసారి రోడ్డెక్కారు. హైవేలు మైళ్ల పొడవునా నిలిచిపోయాయి. ఎండలో గంటల తరబడి నత్తనడక, బండ్లు వేడెక్కి ఆగిపోవడం, పెట్రోలు అయిపోయి పక్కకి తోసేయడం. తుఫాను ఇంకా రానే లేదు, దారిలోనే ప్రాణాలు పోయాయి. అంటే ఆ రోజు బండికి వచ్చిన పరీక్ష కొండ ఎక్కడం కాదండీ, కదలకుండా నిలబడి వేడెక్కకుండా ఉండటం.

కాబట్టి పాత బండి చూడటానికి వెళ్తే నేను ముందు చేసేది ఇంజిన్ స్టార్ట్ చేసి, ఏసీ ఉంటే ఏసీ వేసి, అరగంట అలా వదిలేయడం. అమ్మేవాడికి చిరాకు వస్తుంది, రానివ్వండి. టెంపరేచర్ ముల్లు మధ్యకి వచ్చి అక్కడ ఆగాలి. ఫ్యాన్ తిరగాలి. రేడియేటర్ మూత మాత్రం వేడి మీద తియ్యకండి, ముఖం కాలిపోతుంది. చల్లగా ఉన్నప్పుడు తీసి చూడండి, లోపల తుప్పు నీళ్లు ఉన్నా, పైన నూనె తెట్టె కట్టినా ఇక ఆ బండి దగ్గర బేరం అక్కర్లేదు. హోస్ పైపులు వేళ్లతో నొక్కి చూడండి. గట్టిగా పెళుసుగా ఉన్నా, ఉబ్బి మెత్తబడినా మార్చాల్సిందే.

ఇంకోటి. బండి చూడటానికి మీరు వెళ్లేసరికి ఇంజిన్ అప్పటికే వేడిగా ఉంటే, రేపు పొద్దున్న వస్తానని చెప్పి వచ్చేయండి. చల్లటి ఇంజిన్ అబద్ధం ఆడదు. స్టార్ట్ అయ్యాక పొగ చూడండి. నీలంగా వస్తే ఆయిల్ కాలుతోంది, నల్లగా వస్తే ఇంధనం ఎక్కువ పోతోంది, తెల్లపొగ వేడెక్కాక కూడా ఆగకపోతే నీళ్లు లోపలికి దిగుతున్నాయేమో అనుమానించాలి. డీజిల్ బండికైతే తెల్లపొగకి డీజిల్‌ని లోపలికి చిమ్మే నాజిల్స్ కూడా కారణం కావచ్చు.

సరే, పాతది అంటే ఎంత పాతది? నా లెక్కలో మూడు కాలాలున్నాయి. మొదటిది మొత్తం మెకానికల్ కాలం. పెట్రోలునీ గాలినీ కలిపి ఇంజిన్‌కి పంపే కార్బ్యురేటర్ ఉన్న పెట్రోలు బండ్లు, మెకానికల్ పంపు డీజిల్ బండ్లు. ఆ డీజిల్ ఇంజిన్ గొప్పతనం ఏమిటంటే అది ఒకసారి అందుకుంటే కంప్యూటర్ అక్కర్లేదు, స్పార్క్ అక్కర్లేదు. సెల్ఫ్ తిరగకపోతే నలుగురు తోసినా స్టార్ట్ అవుతుంది. డీజిల్ పైపులో గాలి పట్టిందంటే ఒక పానాతో బ్లీడ్ చేసుకోవచ్చు, అంటే ఆ గాలిని బయటికి తీసేయొచ్చు. రెండోది 1990ల మధ్య నుంచి 2000ల మొదటి వరకు, ఇంధనాన్ని కొలిచి చిమ్మే మామూలు ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చి, ఇంకా ప్రతి డోరుకీ ప్రతి అద్దానికీ ఒక కంప్యూటర్ పెట్టని కాలం. మూడోది ఇప్పటిది.

ఇక్కడ పెద్దవాళ్లు కొందరికి నా మీద కోపం రావచ్చు, కానీ చెప్తున్నా, చాలామందికి రెండో కాలం బండే మేలు. కార్బ్యురేటర్ స్క్రూడ్రైవర్‌తో బాగుపడుతుంది, నిజమే. ఎందుకంటే దానికి మాటిమాటికీ స్క్రూడ్రైవర్ కావాలి! నెలల తరబడి నిలబెడితే అందులో పెట్రోలు ఎండి జిగురు కడుతుంది. ఇంజెక్షన్ బండికి ఆ బాధ తక్కువ, చలికీ ఎత్తుకీ తనే సర్దుకుంటుంది. పైగా ఆ కాలం బండ్లలో వెతికితే బ్రేకు గట్టిగా తొక్కినా చక్రాలు బిగిసిపోకుండా చూసే ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ ఉన్నవి దొరుకుతాయి. భయంతో తోలే రోజున గుద్దుకునే అవకాశం ఎక్కువ, అది మర్చిపోకండి. అందుకే పాతదంతా బంగారం అని నేననను. కొత్త డీజిళ్లతో నాకున్న పేచీ ఒక్కటే, పొగ ఫిల్టర్ నిండిందనో, యూరియా ద్రవం అయిపోయిందనో, ఏదో సెన్సర్ పోయిందనో ఇంజిన్ బాగానే ఉన్నా బండి శక్తి తగ్గించేసుకుంటుంది, లేదా ఆపితే మళ్లీ స్టార్ట్ కానంటుంది. గాలి బాగుండటానికి పెట్టినవే అవి, తప్పు పట్టను. ఆపద రోజున మాత్రం టెన్షన్.

ఎలక్ట్రానిక్స్ మాట వచ్చింది కాబట్టి, ఆకాశంలో అణుబాంబు పేలితే కంప్యూటర్ బండ్లన్నీ చచ్చిపోతాయి కదా అని ఒక కుర్రాడు ప్రతిసారీ అడుగుతాడు, ఇవాళ కూడా మూడో వరసలో ఉన్నాడు. బాబూ, 1962 జూలైలో అమెరికా పసిఫిక్ మీద 400 కిలోమీటర్ల ఎత్తున బాంబు పేల్చినప్పుడు ఎంతో దూరాన ఉన్న హవాయిలో వీధి దీపాలు ఆరిపోయిన మాట నిజం. కానీ తర్వాత అమెరికా కమిషన్ ఒకటి 1986 నుంచి 2002 దాకా తయారైన 37 కార్లను ప్రయోగశాలలో అలాంటి పేలుడు పుట్టించే విద్యుదయస్కాంత తరంగానికి గురిచేసి చూసింది, ఆ వివరాలు 2008 నివేదికలో ఉన్నాయి. ఆపి ఉంచిన కార్లకి ఏమీ కాలేదు, నడుస్తున్న వాటిలో మూడు ఇంజిన్లు ఆగాయి. అంత బెంగ వద్దు. నీ బండి బ్యాటరీ ఎప్పటిదో చూసుకో ముందు.

మోడల్ గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. 1984లో వచ్చిన టయోటా ల్యాండ్ క్రూయిజర్ 70 సిరీస్‌ని సహాయ సంస్థలు దశాబ్దాలుగా ఎందుకు వాడుతున్నాయి? గట్టిది, సరే. పార్టు ఎక్కడైనా దొరుకుతుంది, దాన్ని విప్పి బిగించిన మెకానిక్ ఎక్కడైనా ఉంటాడు, అసలు కిటుకు అది. మీరు తిరిగే చోట ఏ బండి ఎక్కువ కనిపిస్తే, ఏ బండికి ఫ్యాన్ బెల్టు అడగ్గానే తీసిస్తే, మీ మోడల్ అదే. అరుదైన బండి కొనుక్కోవాలని ఉంటే ముచ్చటకి కొనుక్కోండి, ఆపదకి వద్దు.

ఇక నా గొడవ.

మా బాబాయికి ఒక పాత డీజిల్ జీపు ఉండేది. ఎప్పుడైనా అవసరం పడుతుందని కొన్నాడు. ఇంజిన్ మొత్తం చేయించాడు, రంగు వేయించాడు, షెడ్డులో పెట్టి గుడ్డ కప్పాడు. రోజూ తుడిచేవాడు, నడిపేవాడు కాదు, నడిపితే అరిగిపోతుందట. నేను వెళ్లినప్పుడల్లా ‘బాబాయ్, టైర్లు మార్చు’ అనేవాణ్ణి. ‘కొత్తవేరా, చూడు, వెంట్రుకలు కూడా ఊడలేదు’ అనేవాడు. నిజంగానే టైరు మీది సన్నటి రబ్బరు పోగులు అలాగే ఉన్నాయి, గాడులు లోతుగా ఉన్నాయి. పక్కనున్న టైర్ల షాపతను కూడా ‘బ్రహ్మాండంగా ఉన్నాయండీ’ అన్నాడు. నేను మోకాళ్ల మీద కూర్చుని సైడుగోడని బొటనవేలితో అదిమి చూపించాను, రిమ్ము అంచు దగ్గర సన్నటి పగుళ్లు నోరు తెరిచాయి. ఇద్దరూ నవ్వారు.

ఒక రాత్రి పిన్నికి ఊపిరి ఆడలేదు. ఇంట్లో ఇంకో బండి లేదు. జీపు తీశాం. సెల్ఫ్ టక్ టక్ అని ఊరుకుంది. ఇంజిన్ ఆపడానికి కేబుల్ లాగే రకం కాబట్టి కరెంటుతో పని లేదు, తోశాం, రెండో గేరులో క్లచ్ వదలగానే అందుకుంది. బాబాయి ముఖం చూడాలి! కొంత దూరం పోయామో లేదో వెనక నుంచి టపటపమని చప్పుడు, పైపొర లేచి మడ్‌గార్డుని కొడుతోంది, ఆపేలోపే టైరు పేలింది. స్టెప్నీ దించాం. అదీ అదే ఈడుది, గాలి లేదు. ఉన్నా ఏం చేసేవాళ్లం, జాకీ తుప్పుతో బిగిసిపోయింది, చక్రం నట్టు పానా వేస్తే మూలలు అరిగి గుండ్రంగా తయారైంది. అటుగా వచ్చిన లారీ ఆయన పిన్నిని ఎక్కించుకుని తీసుకెళ్లాడు, పిన్ని బాగుంది, కంగారు పడకండి. మర్నాడు బాబాయి నాతో అన్న మాట వినండి: ‘ఇంజిన్ మాత్రం సూపర్ రా, ఒక్క తోపుకే అందుకుంది చూశావా!’

అదీ నా గొడవ! ఇంజిన్, ఇంజిన్, ఇంజిన్. పాత బండి కొనే ప్రతివాడూ బానెట్ ఎత్తుతాడు, వంగి టైరు చూడడు. చూసినా అరుగుదల చూస్తాడు. రబ్బరుకి అరుగుదల వేరు, వయసు వేరు. వాడకుండా నిలబెట్టినా ఎండకీ గాలికీ గట్టిపడి పగులుతుంది. టైరు పక్కన డీఓటీ అని అక్షరాలు, వాటి చివర నాలుగు అంకెలు ఉంటాయి. 3519 అని ఉంటే 2019లో 35వ వారం తయారైంది. మూడే అంకెలుంటే అది 2000కి ముందుది, దాని దగ్గర్నుంచి లేచి రండి. ఒక్కోసారి ఆ అంకెలు లోపలి వైపే ఉంటాయి, పాకి చూడాలి, పాకండి. చాలా కార్ల కంపెనీలు ఆరేళ్లకి మార్చమంటాయి, పదేళ్లు దాటితే స్టెప్నీతో సహా తీసేయమని టైర్ల కంపెనీలే కొన్ని చెబుతాయి. అమ్మకానికి పెట్టిన బండి టైర్లు నల్లగా నిగనిగలాడుతుంటే అది పాలిష్, గుడ్డతో తుడిచి చూడండి.

చేతులెత్తండి, మీ స్టెప్నీలో గాలి ఈ ఏడాది చూసుకున్నది ఎవరు? ఊఁ... అబద్ధం ఆడకండి. ముగ్గురు. ఆ మూడో ఆయన లారీ డ్రైవరు, ఆయన్ని లెక్కలోకి తీసుకోకూడదు.

అధ్యక్షులు చీటీ పంపించారు, టైమైపోయిందట. కాగితంలో ఇంకా చాలా ఉంది. గబగబా చెప్పేస్తాను. వాల్వులూ పిస్టన్లూ ఒకే లయలో కదిలేలా చూసే టైమింగ్ బెల్టు మార్చిన రుజువు లేకపోతే కొన్న వెంటనే మార్పించండి. అది తెగితే చాలా ఇంజిన్లలో వాల్వులు పిస్టన్లకి తగిలి వంగిపోతాయి. చాసిస్ కిందికి దూరి తుప్పు అనుమానం ఉన్నచోట స్క్రూడ్రైవర్‌తో పొడవండి, దిగితే వద్దు. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమ పీల్చుకుంటుంది, రెండేళ్లకోసారి మార్చాలి. బ్యాటరీ రాత్రంతా ఆగి ఉన్నాక 12.6 వోల్టులు చూపాలి, 12.4 కంటే తగ్గితే ఛార్జింగ్ పెట్టండి. ట్యాంకు సగానికి తగ్గనివ్వకండి, పెట్రోలు నెలల తరబడి నిలవ ఉంచకండి. ఫోర్ వీల్ డ్రైవ్ గురించి అడుగుతున్నారు, మంచి టైర్లూ, నేలకి కాస్త ఎత్తూ ఉంటే చాలామందికి దాని అవసరం రాదు. వరద నీళ్లలో మాత్రం ఏ డ్రైవూ పనిచేయదు, పారే నీళ్లు 30 సెంటీమీటర్లుంటేనే చాలా కార్లని లాక్కుపోతాయి, 60 అయితే పెద్ద జీపుల్ని కూడా.

అన్నిటికంటే ముఖ్యం, వారానికోసారి నడపండి. ఇంటి చుట్టూ కాదు, ఇంజిన్ పూర్తిగా వేడెక్కేంత దూరం, బ్రేకులు నాలుగుసార్లు గట్టిగా తొక్కి. నెలల తరబడి కదలని బండిని ఆపద రోజున బయటికి తీయడం మంచం పట్టిన మనిషిని లేపి పరుగెత్తమన్నట్టే. జాకీ నెలకోసారి ఎత్తి దించండి. నట్లు ఒకసారి విప్పి మళ్లీ బిగించండి, మీ ఇంట్లో ఆడవాళ్లూ పిల్లలూ కూడా విప్పగలరో లేదో చూడండి. పొడుగు పిడి ఉన్న పానా ఒకటి డిక్కీలో పడేయండి.

అయ్యా, రెండో చీటీ కూడా వచ్చింది. దిగిపోతున్నాను. బండ్లలో వచ్చినవాళ్లు వెంటనే వెళ్లిపోకండి. నా దగ్గర టార్చి ఉంది, గాలి చూసే మీటరు ఉంది. ముందు అధ్యక్షుల వారి బండితో మొదలుపెడదాం, స్టెప్నీ బయటికి తీయించండి సార్.